ఇరవై ఒక్క ముళ్ళు

జహీరాబాద్
12 జులై

మామా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరిస్తే మా స్టాఫ్ రూమ్ అంతటికీ వినపడుతుంది. అందుకే ఉత్తరం. "మా అన్నకు రాయి బిడ్డా, రెండుసార్లు సదువుకుంటడు" అని అమ్మే అన్నది.

పని చెప్తాను. మా కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం వాళ్ళకు పోయిన డిసెంబరులో ఒక కొత్త సబ్జెక్టు పెట్టించాను. నేలను, నీళ్ళను, గాలిని పాడుచేయకుండా ఇల్లు కట్టడం ఎట్లా అన్నది అందులో పాఠం. ఇష్టమున్నవాళ్ళే తీసుకుంటారు. పద్దెనిమిది మంది తీసుకున్నారు. లెక్కలు తక్కువని వచ్చినవాళ్ళు అందులో సగం, నాకు తెలుసు.

ఊరికే పాఠం చెప్తే బోర్డు మీదే ఉండిపోతుందని వర్క్‌షాప్ వెనక ఒక గది కట్టిస్తున్నాను. ఎర్రమట్టి, మొరం కలిపి పిల్లలే మిషన్‌లో అదిమిన ఇటుకలు. బట్టీలో కాల్చలేదు. గోడలు లేచాయి, కప్పు పడింది. ఇప్పుడు లోపలి గోడలకు గిలాబు పూత చేయాలి. సిమెంటుతో చేస్తే ఇన్ని నెలలు నేను చెప్పింది అబద్ధమవుతుంది. సున్నంతో చేయాలి. పుస్తకంలో దాని గురించి రెండు పేజీలున్నాయి. రాసినాయన సున్నం ముట్టినట్టు లేదు.

నువ్వు నలభై ఏళ్ళు మఠాల గోడలకు సున్నం పూసినవాడివి. ఒక్కరోజు వచ్చి మా పిల్లలకు చూపించు. సెప్టెంబరు నడుమ బయటి నుంచి తనిఖీ బృందం వస్తుంది. వచ్చే ఏడు ఈ సబ్జెక్టు ఉండాలా పోవాలా అన్నది వాళ్ళ మాట మీద ఉంది.

నీ మేనకోడలు
ప్రియాంక


న్యాల్‌కల్
17 జులై

బిడ్డా ప్రియాంకా, శివుడు నిన్ను నిటారుగా నిలబెట్టుగాక.

సోమవారం మఠంలో ప్రవచనం చెప్పడానికి బయలుదేరుతుంటే నీ ఉత్తరం అందింది. అమ్మ చెప్పినట్టే రెండుసార్లు చదివాను.

నన్ను ఏ బడీ చదివించలేదు. మధ్యాహ్నం గోడ నీడకు కూర్చుని పురాణ గ్రంథంలో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. ఇప్పటికీ నా సంచిలో తాపీ పక్కనే గ్రంథం ఉంటుంది. సున్నం మరక లేని పేజీ అందులో లేదు. చెవులు పోయాయి గాని నోరు పోలేదు. వస్తాను.

వచ్చేముందు ఒక మాట విను. దేవతలు పాలసముద్రం చిలికితే ముందు ఏం పుట్టింది? అమృతమా? కాదు, హాలాహలం! గుల్ల సున్నం నీళ్ళలో వేసిన రోజు చూడు. కుతకుత ఉడుకుతుంది, పొగ లేస్తుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. అదే హాలాహలం. దాన్ని గుంతలో నీళ్ళ కింద ఇరవై ఒక్క రోజులు ఉంచితే వెన్న అవుతుంది. లోపల నీళ్ళు తాగని పలుకు ఒక్కటి మిగిలినా అది గోడలోకి పోయి దాక్కుంటుంది. నెల తర్వాతో, రెండు నెలల తర్వాతో తేమ తాగి ఉబ్బి గిలాబును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మనిషి కడుపులో దాచిన పాపం కూడా అంతే.

మా తాత నాటి పద్ధతి ఒకటుంది. గుంత నింపిన రోజు నూలు దారానికి ఇరవై ఒక్క ముళ్ళు వేసి, గుంత పక్కన కర్రకు కడతాం. పొద్దున్నే లేచి, నీళ్ళు చాలినంత ఉన్నాయో లేదో చూసి, ఒక్క ముడి విప్పాలి. ఒక్కటంటే ఒక్కటే. ముళ్ళు అయిపోయిన రోజే గుంత తెరవాలి. దారం నేను తెస్తాను.

మామ
గురులింగప్ప


జహీరాబాద్
6 ఆగస్టు

మామా,

శనివారం నువ్వు బస్సెక్కి పోయాక కూడా పిల్లలు గుంత దగ్గరి నుంచి కదలలేదు. నీకు వినపడదని నీ ముందే ఏవేవో అనుకున్నారు. అవి నీకు చేరాలని రాస్తున్నాను.

నువ్వు సున్నంలో పోసే కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి వాసన చూడమన్నప్పుడు రితేష్ "మేడమ్, గిది గిలాబా, పండుగ పానకమా?" అన్నాడు. వాళ్ళ నాన్నకు బొంబాయి రోడ్డు మీద సిమెంటు దుకాణం ఉంది. ఝరాసంగం నుంచి వచ్చే రుచిత "జర సప్పుడు జెయ్యక రాసుకోరా, నీ దుకాణం మూసేసే మందు చెప్తున్నడు తాత" అంది. వాడు పంతానికి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు చూడు, "సిమెంటు పాపమా?" అని. నువ్వు తాపీ ఎత్తి, "సిమెంటు పాపం గాదు బిడ్డా, తొందర పాపం!" అన్నావు. రుచిత ఆ మాట గది తలుపు మీద బొగ్గుతో రాసింది. ఇంకా ఉంది.

దారం కర్రకే ఉంది. రోజుకొకరు ముడి విప్పుతున్నారు. వంతులు వేసుకున్నారు.

ఇప్పుడు ఇబ్బంది. తనిఖీ బృందం ముందే వస్తోంది, ఆగస్టు ఇరవై తొమ్మిదిన. ఇరవై ఒక్క రోజులు ఆగితే గుంత తెరిచేది ఇరవై మూడున. పూయడానికి మూడు రోజులు. వాళ్ళు వచ్చేసరికి గోడ తడిగా, మచ్చలుగా ఉంటుంది. పదిహేను రోజులకు తెరిస్తే ఆరి తెల్లగా కనపడుతుంది. పదిహేను చాలుతాయా? నువ్వు చాలవంటే ఆగుతాను.

వేదిక మీద నీకు శాలువా కప్పాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు.

ప్రియాంక


న్యాల్‌కల్
9 ఆగస్టు

బిడ్డా,

పదిహేను చాలుతాయి. ఫికర్ చేయకు.

రెండు పనులు మాత్రం తప్పకుండా చెయ్యి. పై నీళ్ళు తీసేసి రోజూ వేడినీళ్ళు పొయ్యి. తెరిచిన రోజు పలుచటి నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టు. ఇనుప జల్లెడ పనికిరాదు, గుడ్డే కావాలి. గుడ్డలో మిగిలిన పలుకులు దూరంగా పారబొయ్యి.

మిగిలిన ఆరు ముళ్ళు పదిహేనో రోజు ఒక్కసారే విప్పండి. విప్పేటప్పుడు శివనామం చెప్పుకోండి.

వేదిక మీద నన్ను రెండు మాటలు చెప్పనిస్తారా? పాలసముద్రం కథ చెప్తాను, పావుగంట చాలు. కొత్త ధోతి తీశాను, సన్న అంచుది. శాలువా ఏ రంగో తెలిస్తే రాయి.

మామ


జహీరాబాద్
2 సెప్టెంబర్

మామయ్య గారికి,

తనిఖీ బాగా జరిగింది. గోడ తెల్లగా, చేత్తో నిమిరితే గుడ్డు పెంకులా ఉందని వాళ్ళలో ఒకాయన అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి బయటి కంటే లోపల నాలుగు డిగ్రీలు తక్కువ చూపించింది థర్మామీటర్. అది వాళ్ళు రాసుకున్నారు.

మీరు చెప్పిన కథ అందరికీ నచ్చింది. పావుగంట అన్నది ముప్పావుగంట అయింది. ఫరవాలేదు. శాలువాతో దిగిన ఫొటో ఇందులో పెట్టాను.

పిల్లలకు పరీక్షలు. ఉంటాను.

ప్రియాంక


న్యాల్‌కల్
10 సెప్టెంబర్

బిడ్డా,

ఫొటో మఠంలో గోడకు పెట్టారు. ధోతి అంచు బాగా పడింది.

నీ ఉత్తరంలో నన్ను 'మీరు' అన్నావు. పుట్టినప్పటి నుంచి అనని మాట. కాలేజీ కాగితం మీద రాశావు కాబట్టి అలవాటులో వచ్చిందనుకున్నాను.

ఒక్కటి అడుగుతాను, జవాబు రాయి. గుడ్డలో పలుకులు ఎంత మిగిలాయి? పిడికెడా, దోసెడా? అది తెలిస్తే గోడ సంగతి నాకు ఇక్కడ కూర్చునే తెలుస్తుంది.

మామ


జహీరాబాద్
28 అక్టోబర్

మామయ్య గారికి,

జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి.

గదిలో గిలాబు మీద గుంటలు పడుతున్నాయి. వానలు తగ్గాక మొదలైంది. చిన్నవి శనగగింజంత, పెద్దవి రూపాయి బిళ్ళంత. పిల్లలు సుద్దముక్కతో చుట్టూ గుర్తుపెట్టి లెక్కపెట్టారు. నిన్నటికి నూట నలభై మూడు. ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి కారణం రాసి ఇవ్వమన్నారు. పరిశీలించి ఇస్తాం.

రితేష్ "మేడమ్, గోడకు అమ్మోరు వోసింది, యాపమండలు కడుదమా?" అన్నాడు. క్లాసు నవ్వింది.

చలికాలం వస్తోంది. ఆరోగ్యం జాగ్రత్త.

ప్రియాంక


న్యాల్‌కల్
12 నవంబర్

అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రియాంక గారికి,

నేనూ గౌరవంగానే రాస్తున్నాను.

మొన్న సోమవారం మీ రుచిత షేర్ ఆటోలు మారి మా ఊరికి వచ్చింది. సున్నం మీదే ప్రాజెక్టు రాస్తోందట, నా నోటి మాటలు కావాలట. ప్రవచనం అయ్యేదాకా ఆడవాళ్ళ వైపు కూర్చుంది. తర్వాత పలక తీసి ప్రశ్నలు రాసి చూపించింది. మంచి పిల్ల. అక్షరాలు గుండ్రంగా రాస్తుంది.

నీవు ప్రిన్సిపాల్‌కు ఇచ్చిన కాగితం నకలు తెచ్చింది. చదివాను. 'స్థానిక మేస్త్రి సూచించిన సంప్రదాయ పద్ధతిలో ప్రమాణాలు లేకపోవడం వల్ల లోపం ఏర్పడింది.' స్థానిక మేస్త్రి! నా పేరు కూడా రాయలేదు. శాలువా కప్పిన రోజు పేరు ఉంది, గుంటలు పడిన రోజు పేరు లేదు.

నలభై ఏళ్ళలో నేను పూసిన గోడ మీద ఒక్క గుంట చూపించు! బీదర్ దారి పొడుగునా మఠాలున్నాయి, నీ పద్దెనిమిది మందిని బస్సెక్కించి తీసుకుపో. సూర్యుడి ముందు అబద్ధం చెప్పినవాడి నాలుక ఏమవుతుందో శాస్త్రంలో ఉంది. నీకు తెలియకపోతే మీ అమ్మను అడుగు.

నేను అడిగిన దానికి నువ్వు ఇంతవరకు జవాబు రాయలేదు. గుడ్డలో ఎంత మిగిలింది?

గురులింగప్ప


జహీరాబాద్
18 నవంబర్

మామా,

గుడ్డలో ఏమీ మిగలలేదు. గుడ్డే వాడలేదు.

ఆగస్టులో నీ ఉత్తరం అందిన రోజే నాలుగు మీటర్ల నూలు గుడ్డ కొన్నాను. గుంత తెరిచాక నాలుగు రోజులకే పిల్లలకు పరీక్షలు, పూయడానికే మూడు రోజులు కావాలి. గుడ్డలో వడకడితే రెండు రోజులు పడుతుందని తేలింది. ఇసుక జల్లించే ఇనుప జల్లెడలో ఒక్కసారి పోశాం. "మేడమ్, తాత గుడ్డ అన్నడు గద?" అని రుచిత అడిగింది. "సన్న జల్లెడేలే, చాలు" అన్నాను. గుడ్డ మడత విప్పకుండా నా బీరువాలో ఉంది.

వేడినీళ్ళు మాత్రం రోజూ పోశాం.

ప్రిన్సిపాల్‌కు ఆ కాగితం రాసింది నేనే. తప్పు నాది అని రాస్తే సబ్జెక్టు పోతుంది. పద్ధతిది అని రాస్తే పద్ధతి మారుస్తాం అనొచ్చు. అట్లా అనుకున్నాను. నీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. పేరు రాయకపోతే నిందించినట్టు కాదనుకున్నాను.

ఇక రెండో సంగతి. ఆ సోమవారం మఠంలో నువ్వేం చెప్పావో రుచిత నాకు చెప్పింది. "చదువుకున్న పిల్లకు సున్నాన్ని నీళ్ళు తాగనిచ్చే ఓపిక లేదు, ఇరవై ఒకటి ఆగమంటే పదిహేనుకే తెరిచింది" అన్నావట. అందరూ తలలూపారట. తర్వాత రుచిత పలక మీద "తాతా, పదిహేను చాలని రాసిందెవరు?" అని రాసి చూపిస్తే, నువ్వు అరచేత్తో తుడిచేశావట. నీ ఉత్తరంలో నాకది రాయలేదు.

నీ ఆగస్టు తొమ్మిది నాటి ఉత్తరం నా సొరుగులో ఉంది. రుచితకు చూపించాను. దాన్ని, నేను చెప్పిన జల్లెడ మాటను, రెంటినీ తన ప్రాజెక్టు చివర జతచేస్తానంటోంది. "కారణం తెలిసి రాయకపోతే నేను ఏం సదువుకున్నట్టు మేడమ్?" అంటోంది. నేను సంతకం పెట్టకపోతే తన ప్రాజెక్టు ఆగుతుంది. పెడితే అది ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి పోతుంది, సబ్జెక్టు మిగలదు.

నా సంతకం సంగతి నేను చూసుకుంటాను. ఉత్తరం మాత్రం నీది. పెట్టమంటావా, వద్దంటావా?

ప్రియాంక


న్యాల్‌కల్
25 నవంబర్

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. గ్రంథం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాను. నాకు కావలసిన పేజీ దొరకలేదు. ఎదుటివాణ్ణి కొట్టడానికి అయితే ఏ పేజీ తీసినా దొరుకుతుంది.

పదిహేను చాలవని నాకు తెలుసు. అప్పుడే తెలుసు. వేడినీళ్ళు పోసినా, గుడ్డలో వడకట్టినా, పద్దెనిమిదికి తక్కువ ఎన్నడూ తెరవలేదు. అది కూడా ఒక్కసారే, అదీ వంటింటి గోడకు. నువ్వు 'చాలవంటే ఆగుతాను' అని రాశావు. ఒక్క మాట రాస్తే ఆగిపోయేదానివి. కాని ఆ మాట కిందే శాలువా సంగతి రాశావు. తడి గోడ ముందు నిలబడి శాలువా కప్పుకుంటే ఎట్లా ఉంటుందా అని ఆలోచించాను. తెల్ల గోడ, కొత్త ధోతి, ఎదురుగా హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు. ఊరూరా తిరిగి అహంకారం మీద ప్రవచనం చెప్పేవాడికి అంతకంటే ఎక్కువ ఏం కావాలి!

తడి గోడ చూపిస్తే ఏమయ్యేది? తడిగా ఉందని అనేవాళ్ళు. అంతే కదా.

ఉత్తరం పెట్టమను. మొత్తం పెట్టమను. ధోతి, శాలువా రంగు అడిగిన చోట కొట్టివేయవద్దని చెప్పు. స్థానిక మేస్త్రి అన్న చోట గురులింగప్ప అని రాయమను.

నిన్న సోమవారం మఠంలో ఈ సంగతి చెప్పాను. "పోయిన సోమవారాలు మేనకోడలిని తిట్టిన, గా పదిహేను లెక్క నాదే" అన్నాను. నాకు వినపడలేదు గాని కొందరు నవ్వినట్టున్నారు. మాణిక్ లేచి బయటికి వెళ్ళాడు, నలభై ఏళ్ళ నుంచి ముందు వరుసలో కూర్చునేవాడు. ఫొటో నేనే తీసి సంచిలో పెట్టుకున్నాను.

నువ్వు సంతకం పెట్టు అని నేను అనను. అది నీ ముడి.

మామ


జహీరాబాద్
20 డిసెంబర్

మామా,

సంతకం పెట్టాను. నా పాత కాగితం వెనక్కి తీసుకుని, జరిగింది జరిగినట్టు ఇంకో కాగితం ఇచ్చాను.

ప్రిన్సిపాల్ గారు రెండూ చదివారు. కోప్పడలేదు. "మీరు మొదటి కాగితం దగ్గరే ఆగి ఉంటే నేను ఏదో ఒకటి చేసేవాణ్ణమ్మా" అన్నారు. వచ్చే ఏడు జాబితాలో మా సబ్జెక్టు లేదు. నేను కాంక్రీటు ల్యాబ్ చూసుకోవాలి. గదిని మాత్రం ఎండాకాలం దాకా కూలగొట్టరట.

రుచిత ప్రాజెక్టు చదవడానికి పక్క డిపార్టుమెంటు వాళ్ళు కూడా అడిగి తీసుకుంటున్నారు. చాలామంది నీ ఉత్తరం కోసమే అనుకుంటాను. రుచిత ఒక్కొక్క గుంటను మేకుతో తవ్వి చూసింది. నూట నలభై మూడింటిలో ప్రతి దాని అడుగున ఆవగింజంత తెల్ల పలుకు ఉంది. అన్నిటినీ చిన్న పొట్లాల్లో కట్టి, నంబర్లు వేసి జతచేసింది.

మార్కులు లేకపోయినా శనివారాలు గది దగ్గరికి వస్తారా అని క్లాసులో అడిగాను. పద్దెనిమిది మందిలో ఐదుగురు వచ్చారు. అందులో రితేష్ ఉన్నాడు. "నీకేం పని రా?" అని రుచిత అంటే, "సిమెంటు అమ్మేటోడికి దాని శత్రువెవరో ఎర్కుండాలె గద" అన్నాడు. గుల్ల సున్నం కూడా వాడే తెచ్చాడు, వాళ్ళ నాన్న బండిలో. కొత్త గుంత తవ్వారు. గోడ మీది గుంటలన్నీ ఈ సున్నంతోనే నింపాలని వాళ్ళ ఆలోచన. ఎవరూ చూడడానికి రారు. తేదీ ఏమీ లేదు.

కర్ర పాతారు. దారం లేదు. ముళ్ళు నేను వేయనా అంటే, "వద్దు మేడమ్, తాతనే ఎయ్యాలె" అన్నారు.

నీ
ప్రియాంక


న్యాల్‌కల్
26 డిసెంబర్

బిడ్డా,

దారం పంపుతున్నాను. పిల్లలు లెక్కపెడతారు, తప్పు పడిందని అనుకుంటారు. తప్పు పడలేదు. ఇరవై ఏడు ముళ్ళు ఉన్నాయి. అప్పుడు మనం ఒక్కసారే విప్పిన ఆరూ మళ్ళీ వేశాను. మూడు నీవి, మూడు నావి. ముందు అవే విప్పండి, రోజుకొకటి. తర్వాత ఇరవై ఒకటి.

ఆఖరి ముడి నాటికి నేను వస్తాను. వేదిక వద్దు. ఐదుగురికీ తలా ఒక తాపీ చూసి పెట్టు.

వడకట్టడానికి గుడ్డ కూడా ఈ పొట్లంలోనే ఉంది. నీ బీరువాలోది అక్కడే ఉండనీ. సన్న అంచు చూస్తే నీకు గుర్తొస్తుంది. ఒక్కసారే కట్టుకున్నాను. నడుమకు చింపి రెండు చేశాను. ఒకటి మొదటిసారి వడకట్టడానికి, ఒకటి రెండోసారికి.

మామ